ఐదు గంటల జాబితా

అమీర్‌పేట,
జూన్ 9

చిరంజీవి మంజూషకి మావయ్య దీవెనలు.

కూతవేటు దూరంలో ఉన్న మేనకోడలికి ఉత్తరమేంటని నవ్వుకుంటావు. నవ్వుకో. నా చెవుల సంగతి నీకు తెలిసిందే. నాతో రహస్యం మాట్లాడాలంటే బిల్డింగు మొత్తానికి చెప్పాలి. మొన్న ఆదివారం నువ్వొచ్చి “బీపీ మాత్ర వేసుకున్నారా మావయ్యా” అని అడిగితే, కింద వాచ్‌మన్ “ఏసుకున్నడమ్మా” అని జవాబు చెప్పాడట. పోనీ ఫోన్లో రాద్దామంటే మీ ఆఫీసువాళ్ళు నెలకోసారి వాట్సాప్ తెరిపించి చూస్తారని నువ్వే చెప్పావు. అందుకని కాగితం. మా అమీర్‌పేట బ్రాంచి అటెండరు కనకయ్య రోజూ ఫారాల సంచీతో పంజాగుట్టలో మీ హెడ్డాఫీసుకి వస్తాడు కదా, అతని చేత పంపుతున్నాను.

“మా బ్రాంచి” అన్నానని పట్టేసి ఉంటావు. అవును, మీ బ్రోకరు కంపెనీ ద్వారానే మళ్ళీ షేర్ మార్కెట్లోకి వచ్చాను. పదిహేనేళ్ళ కిందట చేతులు కాల్చుకుని, ఇక షేర్ల జోలికి పోనని మీ అత్తయ్యకి ఒట్టేశాను. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాల్సిన అవసరం వచ్చింది. ఇంటి ఓనరు దసరా దాకా గడువిచ్చాడు. అరవై లక్షలకి ఫ్లాటు కొనుక్కోండి, లేదంటే ఖాళీ చెయ్యండి అన్నాడు. పంతొమ్మిదేళ్ళు అద్దెకున్న ఇల్లు. నువ్వు పదో తరగతి నుంచి ఎమ్మెస్సీ దాకా చదువుకున్న ఇల్లు. మీ అత్తయ్య ఆ మాట విన్న రోజు అన్నం తినలేదు.

ఆవిడ దగ్గర సుధామ ల్యాబ్స్ షేర్లు నాలుగు వేలున్నాయి. బోరబండ బడిలో ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లల చేత అక్షరాలు దిద్దించి, జీతంలోంచి పదీ ఇరవై చొప్పున కొన్నవి. పదకొండు వందల యాభై లెక్కన నలభై ఆరు లక్షలు. ఇంకా పద్నాలుగు కావాలి. అరవై మూడేళ్ళ పెన్షనరుకి ఏ బ్యాంకూ అప్పివ్వనంటోంది. ఆ షేర్లని మీ కంపెనీలో తాకట్టు పెట్టి, అప్పు మీద ఇంకో నాలుగు వేలు కొంటే ఎలా ఉంటుందంటావు? ఖాతా మీ అత్తయ్య దుర్గాంబ పేరు మీదే తెరిచాను. ఆవిడకి ఇదేమీ తెలీదు.

గీత ఎక్కడ గీస్తారో ఒక్కటి చెప్పు. ఏ ధర దగ్గర మీవాళ్ళు మనల్ని అమ్మేస్తారు?

అచ్యుతరావు

---

పంజాగుట్ట,
జూన్ 12

మావయ్యా,

మీ ఉత్తరం చదివి మధ్యాహ్నం క్యారేజీ తెరవలేదు. అప్పు చేసి పప్పుకూడు అని వెక్కిరిస్తారు గాని, మీరు అప్పు చేసి ఇల్లే కొనాలంటున్నారు.

గీత అడిగారు కాబట్టి చెప్తాను, భయపడతారనే చెప్తాను. అత్తయ్య షేర్లు నలభై ఆరు లక్షలైతే మా కంపెనీ వాటిని నలభై ఆరుగా చూడదు. ఐదో వంతు కోసేసి చూస్తుంది. అప్పు మాత్రం పూర్తిగా లెక్క. పైగా రోజువారీ వడ్డీ. ధర తొమ్మిది వందల కిందికొస్తే ఫోను వస్తుంది, డబ్బు కట్టమని. కట్టలేక ధర ఎనిమిది వందల యాభైకి చేరితే మొత్తం ఎనిమిది వేలూ అమ్మేస్తాం. అప్పు తీరగా అత్తయ్య నలభై ఆరు లక్షల్లో మిగిలేది ఇరవై రెండు. రెట్టింపు కొన్నవాడికి లాభం రెట్టింపు అని మీ బ్రాంచిలో గోడ మీద రాసి ఉంటుంది. నష్టం కూడా రెట్టింపే, అది రాయరు.

మీరు షేర్ల గుమాస్తాగా చేసిన రోజుల్లో డబ్బు తక్కువైతే బ్రోకరు మొహం చూసి రెండు రోజులు ఆగేవాడు. ఇప్పుడు మా తెర మీద మొహాలుండవు. ఎవరి డబ్బు గీత దాటిందో ఎర్రగా కనబడుతుంది. అమ్మే బటన్ నొక్కేది నేనే. నా ఉద్యోగమే అది.

ఇంకో పని కూడా ఉంది. రోజూ సాయంత్రం ఐదింటికి, ఎవరి ఖాతా గీతకి ఎంత దగ్గర్లో ఉందో జాబితా తీసి నాలుగో అంతస్తులో కేదార్ గారికి ఇచ్చి రావాలి. మా కంపెనీ ఓనరు గారబ్బాయి. కంపెనీ సొంత డబ్బుతో వ్యాపారం చేసే గది ఆయనది. పేరు, ఏ షేరు, ఎన్ని, ఏ ధరకి అమ్మాల్సొస్తుంది, అన్నీ ఆ కాగితంలో ఉంటాయి. ఆ గదికి అదెందుకో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఉద్యోగుల బంధువుల ఖాతాలుంటే మేం రాసివ్వాలి. మీరు ఈ వారంలో మూసేస్తారని నమ్మి నేనేమీ రాయడం లేదు. అమ్మ పోయాక నన్ను పెంచింది అత్తయ్య. ఆవిడ డబ్బుతో ఆడకండి.

మంజూష

---

అమీర్‌పేట,
జులై 8

చిరంజీవి మంజూషకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పటికే కొనేశాను. తర్వాత జవాబు రాద్దామంటే బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం, బోనాలు అని కనకయ్య సెలవు పెట్టాడు.

తిట్టకు. ఇవాళ సుధామ పన్నెండు వందల నలభై. ఎనిమిది వేలూ అమ్మి అప్పు తీరిస్తే యాభై మూడు లక్షలు చేతికొస్తుంది. పదమూడు వందల పాతికైతే అరవై. ఎనభై అయిదు రూపాయలు, అంతే. నెలలో తొంభై పెరిగిన షేరుకి అదెంత?

తాకట్టు పెట్టేటప్పుడు ఓటీపీ మీ అత్తయ్య ఫోనుకొచ్చింది. గ్యాస్ బుకింగ్‌ది అన్నాను. ఆవిడ అంకెలు ఒక్కొక్కటీ గట్టిగా నా చెవిలో చదివి చెప్పింది. కొంచెం సిగ్గేసింది, నిజమే. ఇల్లు రిజిస్ట్రేషనయ్యాక చెప్తాను.

బ్రాంచి గది గురించి చెప్పనేలేదు. మైత్రివనం వెనక, సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులన్నీ దాటుకుని రెండో అంతస్తు. ఓ టీవీ, పది ప్లాస్టిక్ కుర్చీలు, మాలాంటి రిటైరైన సరుకు. పక్క కుర్చీ వీర్రాజు, మా తెనాలివైపు మనిషే, రోజూ ఏదో ఒకటి కొని రోజూ ఏడుస్తాడు. ఇంకో పక్క రాజనర్సయ్య, ఆర్టీసీలో మెకానిక్కు చేసి దిగాడు, బోరబండ నుంచి బస్సులో వస్తాడు. తొమ్మిది లక్షలు పెట్టుకుని రోజుకి పది షేర్లకి మించి కొనడు. అప్పు మీద కొనమని డీలరు ఎంత చెప్పినా “నా బనీను చిరిగితే చిరగనీ, పక్కోని అంగీ నాకొద్దు” అంటాడు. మనవరాలు యశస్విని నర్సింగు చదువు ఫీజంతా అందులోనే ఉందట.

ఈ గదికో కట్టుబాటుంది. ఎవరికైనా నికరమైన ఖబర్ తెలిస్తే ఒక్కడే తినకూడదు. అందరికీ ఛాయ్ చెప్పి, కప్పులు చేతికొచ్చాక చెప్పాలి. ఎప్పుడో ఒకాయన చెప్పకుండా తిన్నాడట, తర్వాత ఆయనకి గుండెపోటొస్తే ఆస్పత్రికి కూడా ఎవరూ వెళ్ళలేదట. అందుకని ఇక్కడ ఎవరైనా పది ఛాయ్‌లు అన్నారంటే గది మొత్తం టీవీ కట్టేసి అటు తిరుగుతుంది.

మావయ్య

---

పంజాగుట్ట,
జులై 30

మావయ్యా,

సుధామ పదకొండు వందల కిందికి వచ్చింది, చూశారనుకుంటాను. ఇవాళ అమ్మితే నలభై ఒక్క లక్షలు మిగులుతాయి. అయిదు లక్షల నష్టంతో బయటపడతారు. ఇంకేం చదవకపోయినా ఈ మాట చదవండి.

చదువుతానంటే ఇంకోటి చెప్తాను. ఎవరికైనా చెప్పకపోతే నాకు నిద్ర పట్టడం లేదు.

మూడు వారాలుగా నా జాబితాలో మొదటి పేరు ఒక చిట్టీ మీద రాసుకుంటున్నాను. ఉత్తినే మొదలుపెట్టాను. పదకొండు పేర్లు రాశాను. అందులో తొమ్మిది మంది షేర్లు రెండు మూడు రోజుల్లోనే గీత కిందికి వచ్చాయి. నేను బటన్ నొక్కాను, వాళ్ళవి అమ్ముడుపోయాయి. మర్నాటికల్లా ఆ షేరు మళ్ళీ లేచి కూర్చుంది. కంపెనీలకి ఏ చెడ్డ వార్తా లేదు. ఒకాయన ఆఫీసుకొచ్చి రిసెప్షన్లో నిలబడి ఏడ్చాడు. అమ్మిందెవరో చూపించమన్నాడట. నేను మెట్ల మీదుగా దిగి వెనకనించి వెళ్ళిపోయాను.

షార్ట్ చెయ్యడమంటే మీకు చెప్పక్కర్లేదు, తాతకు దగ్గులు నేర్పినట్టుంటుంది. కానీ ఇప్పటి పద్ధతి వినండి. తమ దగ్గర లేని షేర్లు పొద్దున అమ్ముతారు. మధ్యాహ్నం మూడుంబావు లోపు అన్నీ కొని లెక్క సరిచెయ్యాలి. మధ్యలో ధర ఎంత తగ్గితే అంత లాభం. డబ్బున్నవాళ్ళు పెద్ద ఎత్తున అమ్మితే ఆ అమ్మకమే ధరని దించుతుంది. దిగిన ధర ఎవరి గీతనైనా తాకితే అప్పుడు నాలాంటిది బటన్ నొక్కుతుంది. ఆ వేలాది షేర్లు ఇంకా కిందికి పడతాయి. పైన లేనివి అమ్మినవాళ్ళు కింద ఇవన్నీ ఏరుకుని లెక్క సరిచేసుకుంటారు.

ఎవరి గీత ఎక్కడుందో ముందే తెలిస్తే ఎంత సుళువో ఆలోచించండి. తెలుసుకోవడానికి ఒక కాగితం చాలు.

నేను పొరబడుతున్నానేమో. తప్పయితే బాగుణ్ణు. అమ్మేయండి మావయ్యా.

మంజూష

---

అమీర్‌పేట,
ఆగస్టు 18

అమ్మాయి మంజూషకి,

నువ్వు మరీ భూతద్దంలో చూస్తున్నావు. షేరన్నాక దిగుతుంది, ఎక్కుతుంది. తొమ్మిది వందల డెబ్భై అయిదు దగ్గర అమ్ముకుంటే అందరూ నన్ను వెర్రివాడంటారు.

అంటూ రాశాను గాని రెండు రోజులుగా అవే లెక్కలు మళ్ళీ మళ్ళీ వేస్తున్నాను. ఈ కాగితం వెనక చూస్తే తెలుస్తుంది.

మీ అత్తయ్య టేపు పెట్టి కిటికీలు కొలిచింది. కొన్నాక వంటింట్లో గట్టు ఎత్తు పెంచాలట, నడుం వంగడం లేదు కాబట్టి. ఓనరుతో మాట్లాడి బయానాగా లక్ష తన పెన్షన్లోంచి ఇచ్చేసింది. షేర్లు అమ్మడానికి ఎన్ని రోజులు పడుతుందని అడుగుతోంది. మిగతా పద్నాలుగుకీ ఏం చేస్తావని నేనడిగితే “మీరున్నారుగా” అంది. పదిహేనేళ్ళ తర్వాత ఆవిడ నోట ఆ మాట విన్నాను. ఇప్పుడెలా చెప్పమంటావు? మింగలేక కక్కలేక తిరుగుతున్నాను.

నాకొక్క సాయం చెయ్యి. ఆ ఐదు గంటల కాగితంలో మన వరస వదిలెయ్యి. నీ చేతిలో పనే కదా. ఒక్క నెల నన్నెవరూ చూడకుండా ఉంటే షేరు అదే లేస్తుంది.

మావయ్య

---

పంజాగుట్ట,
ఆగస్టు 25

మావయ్యా,

వదిలెయ్యలేకపోయాను. వరస తీస్తే కింద మొత్తం తప్పొస్తుంది, కంప్యూటరు పట్టేస్తుంది. మొన్నటి నుంచి జాబితాలో మొదటి పేరు అత్తయ్యదే. నేనే తీశాను, నేనే మెట్లెక్కి ఇచ్చి వచ్చాను.

ఇవాళ ఇచ్చినప్పుడు కేదార్ గారు ఫోన్లో ఉన్నారు. నన్ను చూసి గొంతు తగ్గించలేదు కూడా. కాగితం చేతిలో పట్టుకుని ఎవరితోనో అన్నారు: “గీ దుర్గాంబ ఎవరో గాని మస్తు పెద్ద ముద్ద. ఎనిమిది వేలు. రేపు, ఎల్లుండి నొక్కితే రాలుతది.” వెనక తెల్లబోర్డు మీద మార్కర్‌తో రాసి ఉంది, సుధామ 850 అని. నేను థ్యాంక్యూ సార్ అన్నాను. ఎందుకన్నానో తెలీదు. కిందికి వస్తూ మెట్ల మీద కూర్చున్నాను.

ఇక అనుమానం లేదు. రేపు మార్కెట్ తెరిచిన మొదటి నిమిషంలో మొత్తం అమ్మేయండి. తొమ్మిదింటికే డీలరు ముందు కూర్చోండి. వాళ్ళు అమ్మకం మొదలుపెట్టకముందే మీది అయిపోవాలి. అప్పూ వడ్డీ పోగా ముప్పై లక్షల దరిదాపుల్లో మిగులుతుంది. అది అత్తయ్య చేతిలో పెట్టి నిజం చెప్పండి. నేనూ పక్కన నిలబడతాను. నా దగ్గర నాలుగు లక్షలున్నాయి, వేరే అద్దింటికి అడ్వాన్సు నేనిస్తాను.

ఆఫీసు రహస్యం బయటికి రాసినందుకు నా ఉద్యోగం పోతుంది, కేసు కూడా పెడతారు. చదవగానే చించేయండి. ఎవరికీ చూపించకండి, మీ గదిలో వాళ్ళకి అసలు వద్దు. ఇవాళ కనకయ్య చేత కాకుండా నేనే వచ్చి మీ పాల సంచీలో పెట్టి వెళ్తున్నాను. తెల్లవారగానే తీసేది మీరే కదా.

మంజూష

---

అమీర్‌పేట,
ఆగస్టు 29

అమ్మా మంజూ,

ఏం రాయాలో తెలీక రెండు కాగితాలు పాడుచేశాను.

నువ్వు చెప్పినట్టే మొదటి నిమిషంలో అమ్మాను. తొమ్మిది వందల యాభై ఎనిమిదికి పోయాయి. అప్పు తీరి ఇరవై తొమ్మిదిన్నర లక్షలు మిగిలింది. అక్కడితో లేచి ఇంటికి రావాల్సింది. కుర్చీలోంచి లేవలేదు. పదింటి నుంచి సుధామ దిగడం మొదలైంది. నువ్వు రాసింది రాసినట్టు జరుగుతోంది. తొమ్మిది వందల ముప్పై దగ్గర ఆగింది. నీ ఉత్తరంలో “రేపు, ఎల్లుండి” అని ఉంది. అంటే మర్నాడు కూడా దిగుతుందన్నమాట, ఎనిమిది వందల యాభై దాకా. ముందే తెలిసిన పతనం. జీవితంలో ఎవరికి దొరుకుతుంది అలాంటిది? చేతిలో ఉన్న డబ్బు పూచీగా పెట్టి పది వేల షేర్లు షార్ట్ చేస్తే సాయంత్రానికి ఎనిమిది తొమ్మిది లక్షలు. పోయినదాంట్లో సగం వెనక్కి.

తినేవాణ్ణి ఒక్కణ్ణే తిని ఊరుకున్నా బాగుండేది. గదిలో కూర్చుని ఖబర్ దాచుకోవడం నావల్ల కాలేదు. పది ఛాయ్‌లు చెప్పాను. వీర్రాజు నమ్మలేదు, “ఏంటి గురువుగారూ, గాలి కబురా” అన్నాడు. జేబులోంచి నీ ఉత్తరం తీసి చూపించాను. చించలేదమ్మా. మార్కెట్ తెరిచేదాకా ఉంచుదామని జేబులో పెట్టాను. వాడు ఫోటో తీశాడు.

రాజనర్సయ్య మాత్రం తన దగ్గరున్న అరవై సుధామ షేర్లు అమ్ముకుని ఊరుకున్నాడు. “గా షార్టు గీర్టు నాకొద్దన్నా. నా దగ్గర లేనిది నేనెట్ల అమ్ముత?” అన్నాడు. నవ్వాం.

మర్నాడు తొమ్మిది వందల ముప్పై అయిదుకి పది వేలు అమ్మాను. పన్నెండు దాకా కదల్లేదు. ఆ తర్వాత పెరగడం మొదలైంది. ఒంటిగంటకి వెయ్యి దాటింది. కొనేద్దామని డీలర్ని పట్టుకుని అడిగితే అమ్మేవాడే లేడన్నాడు. వెయ్యీ ఇరవై మూడు దగ్గర ఆ రోజు హద్దు, అక్కడికి చేరి తాళం పడింది. కొనేవాళ్ళు లక్షల్లో, అమ్మేవాడు ఒక్కడు లేడు. గదిలో రాజనర్సయ్య తప్ప అందరం లేని సరుకు అమ్మి, కొనడానికి సరుకు లేక, టీవీ వైపు చూస్తూ కూర్చున్నాం. మూడున్నర అయిపోయింది. నేను ఇవ్వాల్సిన పది వేల షేర్లు ఎక్స్‌ఛేంజివాళ్ళు మర్నాడు వేలంలో కొన్నారు. పదకొండు వందల తొంభైకి. ఆ తేడా అంతా నా మీద.

ఖాతాలో నాలుగు లక్షల చిల్లర ఉంది.

మీ అత్తయ్యకి ఇంకా తెలీదు. వంటగట్టు నల్లరాయా, తెల్లరాయా అని అడుగుతోంది. నన్ను తిట్టు. నువ్వు తిడుతూ రాస్తే చదువుకుంటాను.

మావయ్య

---

పంజాగుట్ట,
సెప్టెంబర్ 3

మావయ్యా,

తిట్టడానికి ఓపిక లేదు.

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి కేదార్ గారు కొత్త జాబితా అడిగారు. ఇవాళ సుధామ షార్ట్ చేసినవాళ్ళెవరు, ఎంతెంత అని. అమ్మినవాళ్ళు సాయంత్రం లోపు ఎంత ధరకైనా కొనక తప్పదు కదా. ఆ జాబితాలోనూ మొదటి పేరు అత్తయ్యదే. మీరు అమ్మేసి ఇంటికెళ్ళిపోయారనుకున్నదాన్ని, ఆ పేరు చూసి ఏదో పొరపాటనుకున్నాను. అయినా తీసుకెళ్ళి ఇచ్చాను. రెండింటికల్లా వాళ్ళు దొరికినవన్నీ కొని తాళం వేశారు.

నిన్న నన్ను పిలిచారు. బల్ల మీద నా ఉత్తరం జిరాక్సు. వీర్రాజు గారు తీసిన ఫోటో చేతులు మారి మారి అక్కడికి చేరింది. నేను లేచి నిలబడి, రాజీనామా రాసిస్తాను సార్ అన్నాను. ఆయన నవ్వారు. ఆయన మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను, మీకు అర్థం కావాలి.

“కూసో. భయపడకు. గా కాగితం చూసి ఎంతమంది అమ్మిండ్రో తెలుసా? మీ మావయ్య గదిల పది మంది, బయట డెబ్భై మంది. ఫోటో కూకట్‌పల్లి దాంక పోయింది. మేం టీవీల లక్షలు పెట్టి చెప్పినా గంతమంది వినరు. ఆడపిల్ల చేతిరాత, మావయ్యా అని రాసింది, చించేయండి అన్నది. గందుకే నమ్మిండ్రు. నువ్వు ఉద్యోగం చెయ్యి. ఉత్తరాలు సుత రాయి. ఏం రాయాల్నో మేం చెప్తం.”

మొదటి ఉత్తరం నవ్యధార పైప్స్ గురించట. నాలుగో అంతస్తు దగ్గర ఆ షేర్లు గుట్టలుగా ఉన్నాయి, కొనే దిక్కు లేదు. మీ గదిలో వాళ్ళు అప్పు మీద కొంటే వాళ్ళు వదిలించుకుంటారు. తర్వాత నొక్కుతారు. అదీ చెప్పకుండానే చెప్పారు.

ప్రతిగా, అత్తయ్య ఖాతాలో జరిగిందంతా డీలరు పొరపాటు కింద కంపెనీయే భరిస్తుందట. నాలుగు వేల షేర్లూ వెనక్కొస్తాయి. ఇంటికి తక్కువైన పద్నాలుగు లక్షలు నాకు జీతం అడ్వాన్సుగా ఇస్తారట. ఒప్పుకోకపోతే ఆ జిరాక్సు పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌కి వెళ్తుంది.

నాకు జైలు భయం కంటే ఇంకోటి భయంగా ఉంది. ఆయన మాట్లాడుతుంటే నాకు అత్తయ్య వంటగట్టు కనబడింది. ఒక్క క్షణం సంతోషం వేసింది. ఆ క్షణం నన్ను నేను అసహ్యించుకుంటున్నాను.

సోమవారం దాకా టైమిచ్చారు. వద్దని ఒక్క మాట రాయండి మావయ్యా. మీరు వద్దంటే ఉద్యోగం మానేసి, ఈ చిట్టీలన్నీ పట్టుకుని నేనే పోలీసుల దగ్గరికి వెళ్తాను. ఏమైతే అదవుతుంది. ఒక్క మాట చాలు.

మంజూష

---

అమీర్‌పేట,
సెప్టెంబర్ 6

చిరంజీవి మంజూషకి మావయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. మూడుసార్లు చదివాను.

ఇక్కడ వానలు. మీ అత్తయ్యకి మోకాళ్ళ నొప్పి ఎక్కువైంది, మెట్లున్న ఇల్లయితే కష్టమే. దసరాకి ఇంకా నాలుగు వారాలు కూడా లేవు. ఓనరు నిన్నొచ్చి ఇంకెవరో అడుగుతున్నారని చెప్పి వెళ్ళాడు. ఆవిడ అతనికి బూరెలు పెట్టింది.

బ్రాంచి గదికి వెళ్తూనే ఉన్నాను. ఎవరూ నన్నేమీ అనలేదు. వీర్రాజుకి లక్షా పాతిక పోయింది, అయినా “కబురు నిజమే గురువుగారూ, మనం ఒక్క రోజు ఎక్కువ ఆగాం, అంతే” అంటున్నాడు. అమ్మాయి దగ్గర్నుంచి మళ్ళీ ఏమైనా వచ్చిందా అని రోజూ అడుగుతున్నాడు. రాజనర్సయ్య కూడా అడిగాడు. అరవై షేర్లు సరైన రోజున అమ్ముకున్నానని నీ మీద గురి కుదిరింది అతనికి. “నీ కోడలు పిల్ల శాన తెలివైంది అన్నా, ఈసారి చెప్తే నేను సుత పెడత” అన్నాడు. ఆర్టీసీ పెన్షను లేదుగాని కొడుకులిద్దరూ సంపాదిస్తున్నారు. ఎవరి అదృష్టం వాళ్ళది. మార్కెట్‌కి వచ్చినవాళ్ళెవరూ చిన్నపిల్లలు కారు.

నువ్వు ఒక్క మాట రాయమన్నావు. పొద్దున్నించీ రాద్దామనే కూర్చున్నాను.

వీర్రాజుకి కంట్లో పొర వచ్చింది, సన్న అక్షరాలు ఆనవు. రాసేదేదో కొంచెం పెద్దగా రాయి.

మావయ్య

---

పంజాగుట్ట,
సెప్టెంబర్ 8

గౌరవనీయులైన మావయ్య గారికి నమస్కారములు.

ఇక్కడ నేను క్షేమం. అత్తయ్య గారిని అడిగినట్టు చెప్పండి.

మీరు ఎప్పట్లాగే ఈ ఉత్తరాన్ని రహస్యంగా ఉంచుతారని నమ్మి రాస్తున్నాను. మా ఆఫీసు నాలుగో అంతస్తులో ఒక మాట నా చెవిన పడింది. నవ్యధార పైప్స్‌కి పెద్ద ప్రభుత్వ ఆర్డరు రాబోతోంది. పది రోజుల్లో వార్త బయటికొస్తుంది. ఇవాళ ధర రెండు వందల పన్నెండు. మూడు వందల దాకా వెళ్తుందని పెద్దవాళ్ళే అనుకుంటున్నారు. వార్త వచ్చాక కొంటే ఉపయోగం ఉండదు, ఈ వారంలోనే కొనాలి. అత్తయ్య గారి ఖాతాలో కూడా కొనండి. నేను నా జీతంలోంచి కొంటున్నాను.

మీ గదిలో వాళ్ళకి చెప్పవద్దని నేననను, వాళ్ళందరూ నాకూ పెద్దవాళ్ళే. వీర్రాజు గారి నష్టం గురించి విని చాలా బాధపడ్డాను. ఇందులో ఆయనకి తప్పకుండా తిరిగి వస్తుంది.

రాజనర్సయ్య గారు ఉన్న తొమ్మిది లక్షలూ పెట్టక్కర్లేదని చెప్పండి. ఇప్పుడున్న షేర్లని అలాగే ఉంచి, వాటి పూచీ మీద ఇరవై లక్షల దాకా నవ్యధార కొనవచ్చు. ఆయనకి తెలియకపోతే డీలరు వివరిస్తాడు. తాకట్టు ఫారం కనకయ్య చేత పంపుతున్నాను. ఆయన కంగారు పడకుండా, సంతకం చెయ్యాల్సిన మూడు చోట్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టాను.

ఇట్లు,
మంజూష